జిప్ చేయలేని యాంటెన్నా

మనం సీఎస్ఈ వాళ్లం. ఫైల్ పెద్దదైతే జిప్ చేస్తాం, ఫోటో పెద్దదైతే కంప్రెస్ చేస్తాం. అందుకే దేన్నైనా కుదించేయొచ్చని మనకో నమ్మకం. ఆ నమ్మకానికి లొంగని వస్తువు ఒకటి మన జేబులోనే ఉంది. అదే ఫోన్ యాంటెన్నా.

మామూలు యాంటెన్నా పొడవు తరంగదైర్ఘ్యంలో సుమారు పావు వంతు ఉండాలి. కాంతి వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది, ఇంటర్ ఫిజిక్సే. ఆ లెక్కన 3.5 గిగాహెర్ట్జ్ 5జీకి 2 సెంటీమీటర్ల పైచిలుకు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 3 సెంటీమీటర్లు చాలు. 700 మెగాహెర్ట్జ్‌కి మాత్రం దాదాపు 11 సెంటీమీటర్లు కావాలి. ఫోన్ పొడవే 16 సెంటీమీటర్లు. అందులోనే బ్యాటరీ, కెమెరాలు, స్పీకర్ కూడా సర్దుకోవాలి.

మరి ఇన్ని బ్యాండ్లు ఎలా పడుతున్నాయి? ఇంజినీర్లకి మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది మడతపెట్టడం. తీగని పాములా మెలికలు తిప్పితే తక్కువ చోటులో ఎక్కువ పొడవు ఇమిడిపోతుంది. కానీ పక్కపక్క మడతల్లో కరెంటు ఎదురెదురు దిక్కుల్లో పోతుంది కాబట్టి, ఒకదాని ప్రసారాన్ని ఇంకొకటి కొంత చెరిపేస్తుంది.

రెండోది పీఫా. గ్రౌండ్ మీద కొంచెం ఎత్తులో ఒక లోహపు రేకు, ఒక చివర గ్రౌండ్‌కి షార్ట్. పక్కనుంచి చూస్తే పడుకోబెట్టిన ఇంగ్లీషు 'ఎఫ్'లా ఉంటుంది. ఆ రేకులో సన్నని గాడి కోస్తే కరెంటుకి రెండు దారులు ఏర్పడతాయి. పొడవు దారి తక్కువ ఫ్రీక్వెన్సీకి, పొట్టి దారి ఎక్కువ ఫ్రీక్వెన్సీకి. ఒకే రేకు, రెండు బ్యాండ్లు!

మూడోది స్విచ్. ఒకే యాంటెన్నాని అవసరాన్ని బట్టి వేర్వేరు బ్యాండ్లకి ట్యూన్ చేస్తారు. ఇక్కడ మన సాఫ్ట్‌వేర్‌కి కూడా కాస్త పని ఉంది.

అయినా హద్దు దాటలేం. 1948లో చూ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే యాంటెన్నా చిన్నదయ్యేకొద్దీ, అది పట్టుకోగల బ్యాండ్ ఇరుకైపోతుంది. వెడల్పు పెంచాలంటే ఎఫిషియెన్సీ వదులుకోవాలి. చిన్న సైజు, వెడల్పు బ్యాండ్, మంచి ఎఫిషియెన్సీ, ఈ మూడూ ఒకేసారి దొరకవు.

ఇది ఈసీఈ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నలే ఎక్కువ దూరం వెళ్తుంది, గోడల్ని బాగా దాటుతుంది. టవర్ దూరంగా ఉన్న ఊళ్లో, ఇంటి లోపలి గదిలో కాల్ కలవాలంటే అదే దిక్కు. అంటే పల్లెకి ఎక్కువ అవసరమైన బ్యాండే ఫోన్‌లో ఇమడ్చడానికి అన్నిటికంటే కష్టమైనది. చోటు, ఖర్చు తగ్గించుకునేటప్పుడు ముందు నష్టపోయేది అక్కడివాళ్లే.

2022 వేలంలో మన దేశంలో 700 మెగాహెర్ట్జ్ 5జీకి అమ్ముడైంది. ఊళ్లో అమ్మమ్మకి ఫోన్ కొనేటప్పుడు ర్యామ్, మెగాపిక్సెల్స్ తర్వాత చూడొచ్చు. ముందు అక్కడ ఏ నెట్‌వర్క్ ఏ బ్యాండ్‌లో వస్తోందో కనుక్కోండి. అది 700 అయితే, స్పెసిఫికేషన్లలో 5జీ బ్యాండ్ల వరుసలో 'ఎన్28' ఉందో లేదో చూసి కొనండి.