స్వలింగానురాగ, ద్విలింగానురాగ విద్యార్థులు: వృత్తి నిర్ణయంలో సవాళ్లు

1. ఉపోద్ఘాతం:

అభిరుచికీ, సామర్థ్యానికీ తగిన ఉద్యోగాన్ని గుర్తించడమే వృత్తి నిర్ణయమని సాధారణంగా భావిస్తాం. స్వలింగానురాగ, ద్విలింగానురాగ విద్యార్థులకు మరో ప్రశ్న తోడవుతుంది: ‘ఆ ఉద్యోగంలో నన్ను నేను దాచుకోకుండా బతకగలనా?’ ఈ ప్రశ్న వారి నిర్ణయాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. సిద్ధాంత నేపథ్యం:

లెంట్, బ్రౌన్, హాకెట్ 1994లో ప్రతిపాదించిన సామాజిక సంజ్ఞానాత్మక వృత్తి సిద్ధాంతం ప్రకారం, ఆసక్తి లక్ష్యంగా మారడంలో పరిసరాల అండదండలకూ, అవరోధాలకూ ప్రధాన పాత్ర ఉంది. ఇష్టమూ నమ్మకమూ ఉన్నా, అవరోధం తప్పదన్న అంచనా విద్యార్థిని వెనక్కి లాగవచ్చు. చూసేవారికి నిర్ణయలేమిగా తోచేది, అతని దృష్టిలో ఆత్మరక్షణ కావచ్చు.

3. భారతీయ సందర్భం:

ఆ అంచనా నిరాధారం కాదు. 2010లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం మరాఠీ ఆచార్యులు రామచంద్ర సిరాస్‌ను ఆయన వ్యక్తిగత జీవితం కారణంగా సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసిన కొద్దిరోజులకే ఆయన మరణించారు. అధ్యాపకవృత్తిని కోరుకునే విద్యార్థికి ఇది దూరపు కథ కాదు.

2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు వయోజనుల సమ్మతి సంబంధాలను నేరపరిధి నుంచి తొలగించింది. అయితే నేరం కాకపోవడం వేరు, ఉద్యోగంలో రక్షణ ఉండడం వేరు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ఉద్యోగ వివక్షను నిషేధించినా, లైంగిక ధోరణి దాని పరిధిలోకి రాదు. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో స్వలింగ వివాహానికి గుర్తింపు లభించలేదు. అందువల్ల తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయ బదిలీల్లో దంపతులకు ఇచ్చే ప్రాధాన్యం వంటివి స్వలింగ సహచరులకు అందవు.

4. కుటుంబం – ద్వంద్వస్థితి:

మన కుటుంబాల్లో ఉద్యోగం రాగానే పెళ్లి మాట మొదలవుతుంది. ఇతరులకు శుభవార్తయిన నియామకపత్రం ఈ విద్యార్థికి గడువు పత్రంగా తోచవచ్చు. పై చదువుల పేరుతో కాలయాపన చేయడం, దూరనగరాన్ని ఎంచుకోవడం దీని పర్యవసానాలు కావచ్చు. మరోవైపు ఇల్లు కాదంటే నిలబెట్టేది ఆ జీతమే. వాయిదా వేయాలనిపించేదీ, త్వరపడాలనిపించేదీ ఒకే ఉద్యోగం. ఈ కారణాన్ని తల్లిదండ్రులతో చర్చించే వీలు చాలామందికి ఉండదు.

5. ముగింపు:

• ఆసక్తి పరీక్షలు మాత్రమే ఈ విద్యార్థుల సందిగ్ధాన్ని వెల్లడించలేవు.
• అధ్యాపకులు ఎవరి ధోరణినీ అడగనవసరం లేదు. సంస్థల వివక్షా వ్యతిరేక విధానాలను తరగతి మొత్తానికీ చెబితే, అవసరమైనవారు తమను బయటపెట్టుకోకుండానే గ్రహిస్తారు.
• నమ్మి చెప్పిన మాటను గోప్యంగా ఉంచడం మార్గదర్శకుని కనీస ధర్మం.