4.3 కిన్నెర మెట్లు, కీబోర్డు మీటలు: మిడి ఫైలులో కంట్రోలర్ సమాచారం

మిడి ఫైలులో శబ్దం ఉండదు. ఏ మీటను ఎప్పుడు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే ఆదేశాలు మాత్రమే ఉంటాయి. వాటిని చదివి శబ్దం పుట్టించే పని సింథసైజరుది, లేదా సాఫ్ట్‌వేర్‌లోని వాద్యానిది. అందుకే మూడు నిమిషాల పాట సీడీ నాణ్యతలో దాదాపు 30 మెగాబైట్లు ఆక్రమిస్తే, దాని మిడి ఫైలు సాధారణంగా కొన్ని పదుల కిలోబైట్లతో సరిపోతుంది.

వేర్వేరు కంపెనీల వాద్యాలను కలిపి వాడుకోవడానికి 1983లో ఈ ప్రమాణం వచ్చింది. కీబోర్డును దృష్టిలో పెట్టుకొని రూపొందించారు కాబట్టి స్వరాలకు 0 నుంచి 127 వరకు నంబర్లు ఇచ్చారు. పక్కపక్క నంబర్ల మధ్య దూరం ఒక అర్ధస్వరం, అంటే 100 సెంట్లు. మన ప్రాంతపు వాద్యాల విషయంలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పన్నెండు మెట్ల కిన్నెరను తీసుకుందాం. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య దీన్ని వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడి పేరు పొందారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. పన్నెండు మెట్లు అనగానే కీబోర్డులోని పన్నెండు స్వరస్థానాలు గుర్తుకు రావచ్చు. ఆ పోలిక అంకె వరకే. కిన్నెర మెట్టు పలికే స్వరం కీబోర్డు మీటతో కచ్చితంగా కలవాలన్న నియమం ఏదీ లేదు.

ఒక మెట్టు స్వరం దగ్గరి మీట కంటే 30 సెంట్లు తక్కువగా పలుకుతోందని అనుకుందాం. స్వరం నంబరు ఒక్కటే రాస్తే ఆ 30 సెంట్లు పోతాయి. వాటిని నిలబెట్టేది పిచ్ బెండ్ సందేశం. దీని విలువలు −8192 నుంచి +8191 వరకు ఉంటాయి, నడుమ 0. చాలా వాద్యాల్లో మొదట ఉండే పరిధి పైకి 2, కిందికి 2 అర్ధస్వరాలు. అంటే 8192 విలువకు 200 సెంట్లు, ఒక్కో సెంటుకు సుమారు 41. కాబట్టి 30 సెంట్లు దించడానికి −1229 రాయాలి.

ఇప్పుడు ఇదే ఫైలును 12 అర్ధస్వరాల పరిధి ఉన్న వాద్యంలో తెరవండి. అదే −1229 అక్కడ 180 సెంట్లు దించుతుంది! ఫైలు చెడిపోలేదు, అంకె మారలేదు, పాట మాత్రం అపశ్రుతి. పిచ్ బెండ్ విలువకు పరిధి తెలిస్తేనే అర్థం ఉంటుంది. కనుక ఆ పరిధిని కూడా ఫైలు మొదట్లోనే రాయాలి. ఇందుకు వరుసగా కంట్రోలర్ 101కి 0, కంట్రోలర్ 100కి 0, కంట్రోలర్ 6కి 2 పంపాలి. ఆ తర్వాత 101, 100 రెండింటికీ 127 పంపితే ఈ అమరిక ముగుస్తుంది. విద్యార్థులు తరచుగా వదిలేసే మెట్టు ఇదే. కొన్ని సాఫ్ట్‌వేర్ వాద్యాలు ఈ సందేశాన్ని పట్టించుకోవు. అప్పుడు పరిధిని వాద్యం అమరికల్లో చేత్తో మార్చాలి.

పిచ్ బెండ్ ఒక స్వరానికి కాదు, ఛానెల్ మొత్తానికి వర్తిస్తుందని గమనించండి. పాటకు తోడుగా శ్రుతి స్వరాన్ని అదే ఛానెల్‌లో పెడితే అదీ జారుతుంది. మొత్తం 16 ఛానెళ్లు ఉన్నాయి; శ్రుతికి వేరే ఛానెల్ ఇవ్వండి.

పియానో రోల్‌లో స్వరాలను మాత్రమే ఎంచుకొని జరిపితే, కంట్రోలర్ సమాచారం పాత చోటే ఉండిపోవచ్చు. చరణం ముందుకు వెళ్తుంది, దాని జారుడు వెనక మిగులుతుంది. అందుకే స్వరాలతో పాటు కింది వరుసల్లోని కంట్రోలర్ గీతలనూ ఎంచుకోవాలి. కంట్రోలర్ 64 సస్టెయిన్ పెడల్‌కు చెందినది. దాన్ని ఆపే 0 విలువ కత్తిరింపులో పోతే స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. వాద్యం శబ్దస్థాయికి 7, పాట నడకలోని హెచ్చుతగ్గులకు 11 వాడటం మంచి అలవాటు. రెండింటినీ ఒకే చోట కలిపేస్తే తర్వాత మిక్సింగులో సరిదిద్దడం కష్టం.

డప్పు విషయంలో స్వరం కంటే దెబ్బ బలం ముఖ్యం. దాన్ని 1 నుంచి 127 వరకు వెలాసిటీ చెబుతుంది. క్వాంటైజ్ నొక్కి దెబ్బలన్నిటినీ గళ్లకు సర్దేస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది, దరువు మాత్రం ప్రాణం లేకుండా వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అనుమతిస్తే సగం మేరకే సర్దండి.

జనరల్ మిడి జాబితాలోని 128 వాద్యాల్లో సితార్‌కు 105వ నంబరు, షెహనాయికి 112వ నంబరు ఉన్నాయి, కిన్నెరకు లేదు. మీరు 106 ఎంచుకుంటే బాంజో మోగుతుంది. తీగ మీద మీటే వాద్యమే అయినా, విన్నవారు దాన్ని కిన్నెర అనుకోరు. బుర్రల ప్రతిధ్వని, తీగ గరగర ఏ కంట్రోలర్‌లోనూ రాసి ఉండవు. వాయించేవారు కొద్దిమందే ఉన్న ఇలాంటి వాద్యాన్ని భద్రపరిచేటప్పుడు మైకు రికార్డింగే మూలప్రతి. మిడిని స్వరరచన నేర్చుకోవడానికి, నేర్పడానికి దాని పక్కన ఉంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పరిధి 12 అర్ధస్వరాలుగా ఉన్న వాద్యంలో స్వరాన్ని 40 సెంట్లు దించడానికి పిచ్ బెండ్ విలువ ఎంత ఉండాలి? అదే విలువ 2 అర్ధస్వరాల పరిధిలో ఎన్ని సెంట్లు దించుతుంది?

జవాబు: సుమారు −273, సుమారు 7 సెంట్లు.