మూత్రవర్ణము - దేహమందలి నీటి లెక్క

ఈ విషయమునుగూర్చి పాఠశాలా పత్రికలో వ్రాయుటకు మేము కొంతకాలము సంకోచించితిమి. పదిమందిలో ఎత్తరాని మాటయని పెద్దలు దీనిని విడిచిపెట్టుదురు. పెద్దలు విడిచినదానిని పిల్లలు అడుగుటకు జంకుదురు. అయినను వేసవి వచ్చినప్పుడెల్ల తలనొప్పి యనియు, నీరసమనియు, మూత్రము మంటయనియు చెప్పుకొనువారు మన ఉపాధ్యాయులలోను, పిల్లల తలిదండ్రులలోను పెక్కండ్రు కానవచ్చుచున్నారు. దేహమున నీరు చాలుచున్నదో లేదో తెలిసికొను సాధనము ప్రతిదినమును వీరి కన్నులయెదుటనే యున్నది. దానిని చదువుట యెట్లో, చదువునప్పుడు ఎక్కడ పొరపడుదుమో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా మా యనుభవమునే చెప్పెదము. కొన్ని సంవత్సరములక్రిందట ఏప్రిలు నెలలో వార్షిక పరీక్షలు జరుగుచుండగా, మేము ఉదయము మొదలుకొని మధ్యాహ్నము మూడు గంటలవఱకు పరీక్షాశాలలో పర్యవేక్షణ చేయుచుంటిమి. నడుమ బయటకు పోవలసివచ్చునను భయముచే, ఉదయము త్రాగిన కాఫీ తప్ప మఱేమియు పుచ్చుకొనలేదు. సాయంకాలమునకు తల పగిలిపోవుచున్నట్లుండెను. మూత్రము చిక్కని డికాషనువలె వెలువడెను. కామెర్లు వచ్చినవని బెదరి వైద్యుని కడకు బయలుదేఱితిమి. దారిలో దాహమునకు తాళలేక రెండు చెంబుల నీరు గడగడ త్రాగితిమి. వైద్యశాలలో గంటన్నర కాచుకొనిన పిమ్మట, సీసాలో మూత్రము పట్టి యిమ్మనిరి. అది తేటనీటివలె నుండెను! వైద్యుడు మా కన్నులు పరీక్షించి, "కామెర్లు లేవు. నేడు నీరు ఎప్పుడు త్రాగితిరి?" అని యడిగెను. జరిగినదంతయు చెప్పగా ఆయన నవ్వి, "మాస్టారూ, ఇంటివద్ద మీరు చూచినది నిజము, నాకు తెచ్చి యిచ్చినది సగము నిజము" అనెను. ఆ మాటయొక్క భావమును తెలిసికొనుటకై మేము తరువాత చదివినదానినే ఇచ్చట వ్రాయుచున్నాము.

నిండు వయస్సుగల పురుషుని దేహభారములో నూటికి సుమారు 60 పాళ్లు నీరే. స్త్రీలలో కొంచెము తక్కువ. చెమటచేతను, ఊపిరిచేతను, మలమూత్రములచేతను ఈ నీరు నిత్యము వ్యయమగుచుండును. రక్తము కొంచెము చిక్కబడినతోడనే, మెదడునందలి హైపోథలమస్ అను భాగము దానిని కనిపెట్టి, పిట్యూటరీ గ్రంథిద్వారా వాసోప్రెసిన్ అను హార్మోనును రక్తములోనికి పంపును. మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడియగట్టి, అందులో ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రముగా వెలికిపుచ్చును. తక్కినది మరల రక్తమునే చేఱును. వాసోప్రెసిన్ వచ్చినప్పుడు, కఱవుకాలమున గృహిణి బియ్యము కొలిచి వాడినట్లు, మూత్రపిండములు నీటిని మఱింత పొదుపు చేయును. కాని యూరియా మొదలగు మలినములను బయటకు పంపక తప్పదు గనుక, ఎంత పొదుపు చేసినను దినమునకు సుమారు అర్ధలీటరు మూత్రము వెలువడవలసినదే.

ఇక రంగు సంగతి. ఎఱ్ఱ రక్తకణములు సుమారు 120 దినములు బ్రతికి నశించును. వానిలోని హిమోగ్లోబిన్ నుండి బిలిరుబిన్ అను పదార్థము పుట్టును. ప్రేగులలోని సూక్ష్మజీవులు దానిని మార్చగా, తుదకు యూరోబిలిన్ అను పసుపు వర్ణద్రవ్యము ఏర్పడును. ఈ మార్పును చేయు ఎంజైమును 2024వ సంవత్సరముననే అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దినమునకు తయారగు వర్ణద్రవ్యము ఆరోగ్యవంతులలో ఇంచుమించు ఒక్కతీరుగనే యుండును. దానిలో కలియు నీరుమాత్రము హెచ్చుతగ్గులగును. చిటికెడు పసుపును బిందెడు నీటిలో కలిపిన లేతరంగును, గ్లాసెడు నీటిలో కలిపిన ముదురురంగును వచ్చునుగదా! ఇదియు అట్టిదే.

ఈ సూత్రమును ఆధారము చేసికొని, అమెరికాలో లారెన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1994లో ఎనిమిది మెట్లుగల వర్ణపటము నొకదానిని ప్రకటించిరి. మొదటి మెట్టు మిక్కిలి లేత పసుపు; ఎనిమిదవది ఆకుపచ్చ చాయగల గోధుమరంగు. ఇంతకంటె సూక్ష్మముగా తెలియగోరువారు విశిష్ట గురుత్వమును కొలుతురు. పాలలో నీరు కలిసినదో లేదో చూచు లాక్టోమీటరును విద్యార్థు లెఱుగుదురు. మూత్రమునకును అట్టి తేలుడు సాధనమే కలదు. శుద్ధజలము 1.000 అనుకొనిన, మూత్రము సాధారణముగా 1.003 మొదలు 1.030 వఱకు నుండును. 1.020 అనగా అంతే పరిమాణముగల నీటికంటె నూటికి రెండు పాళ్లు బరువన్నమాట. క్రీడావైద్యులు ఈ 1.020 నే హద్దుగా పెట్టుకొని, అది దాటినచో దేహమున నీరు తగ్గినదని యెంచుదురు.

ఈ హద్దు వెనుక నొక విషాదగాథ కలదు. 1997వ సంవత్సరము నవంబరు, డిశంబరు నెలలలో, అమెరికాలోని మూడు కళాశాలలకు చెందిన ముగ్గురు మల్లయోధులు ఐదు వారములలోపల మరణించిరి. తక్కువ బరువు తరగతిలో పోటీచేయుటకై వారు నీరు మానివేసి, చెమట యారని దుస్తులు ధరించి, వేడిగదులలో వ్యాయామము చేసిరి. వారు రోగులు కారు, దృఢకాయులైన యువకులు. పిమ్మట అచ్చటి కళాశాలల క్రీడాసంఘము, బరువు నిర్ణయించుటకు ముందు ప్రతి మల్లునికిని మూత్రపరీక్ష చేయవలెననియు, విశిష్ట గురుత్వము 1.020 దాటరాదనియు నియమము పెట్టెను.

అయితే మూత్రము ఎల్లప్పుడును పూర్తినిజము చెప్పునా? చెప్పదు. మొదటి చిక్కు కాలమునుగూర్చినది. రాత్రియంతయు నీరు త్రాగము గనుక, ఉదయము లేవగానే వచ్చు మూత్రము సహజముగనే చిక్కగా నుండును. దానిని చూచి భయపడరాదు. దినమంతటి స్థితిని తెలిసికొనుటకు మధ్యాహ్నము దాటిన పిదప చూచుట మేలు. కాని దినదినమునకు పోల్చి చూడదలచినవారు ఒక నియమిత వేళనే, ముఖ్యముగా ఉదయముననే, చూచుకొనవలెను. రెండవ చిక్కు మాకు తటస్థించినదే. ఒక్కమాఱుగా ఎక్కువ నీరు త్రాగినచో రక్తము తాత్కాలికముగా పలుచనగును. అంతట వాసోప్రెసిన్ తగ్గి, కణములలోని కొఱత పూర్తిగా తీఱకమునుపే మూత్రపిండములు నీటిని విడిచివేయును. ఆనాడు మేము వైద్యుని కిచ్చిన తేటమూత్రము ఇట్టిదే.

మూడవది ఔషధాహారముల వలన కలుగు భ్రమ. బి విటమిను మాత్రలలోని రైబోఫ్లేవిన్ మూత్రమును మెఱయు పసుపుగా చేయును. క్షయరోగమునకిచ్చు రిఫాంపిసిన్ నారింజవర్ణముగా చేయును. బీటుదుంప కొందఱిలో ఎఱ్ఱదనము కలిగించును. చాలినంత నీరు త్రాగినను ముదురురంగు మానకున్నను, కన్నులు పచ్చబడినను, ఏ కారణమును తోచక మూత్రము ఎఱ్ఱబడినను వర్ణపటమును ప్రక్కనబెట్టి వెంటనే వైద్యుని చూడవలెను. మఱియు వృద్ధుల మూత్రపిండములకు మూత్రమును చిక్కబఱచు శక్తి తగ్గియుండును. కావున తాతలయు అవ్వలయు మూత్రము లేతగా నున్నంతమాత్రమున వారికి నీరు చాలినదని నమ్మరాదు.

కావున ఒక్క సాక్షిమీద తీర్పు చెప్పక, మూడు సాక్ష్యములు విచారింపవలెను. ఉదయమున దాహముగా నున్నదా? మూత్రము ముదురుగా నున్నదా? దేహభారము నిన్నటికంటె నూటికి ఒక పాలు మించి తగ్గినదా? ఈ మూటిలో ఒకటి మాత్రమే కనిపించిన నిశ్చయింపవలదు. రెండు కలిసిన నీరు తగ్గియుండవచ్చును. మూడును కలిసిన తగ్గుట ఇంచుమించు నిశ్చయము. రంగు నీటివలె తెల్లబడువఱకు త్రాగవలెనని యెంచుటయు తప్పే. 2002లో బోస్టను నగరపు దూరపు పరుగుపందెమున 488 మందిని పరీక్షింపగా, అతిగా త్రాగుట మొదలగు కారణములచే నూటికి 13 మంది రక్తములో సోడియము తగ్గియుండెనని తేలినది. లేత గడ్డిరంగు చాలును.

చివరకు మా మనవి యొకటి. పరీక్షాశాలలో మేము నీరు మానుటకు కారణము అజ్ఞానము కాదు. బయటకు పోవలసివచ్చునను సంకోచము. మన ఉపాధ్యాయినులలోను, బాలికలలోను ఇంటినుండి బయలుదేఱినది మొదలు తిరిగి చేఱువఱకు ఇదే కారణమున గ్రుక్కెడు నీరైన ముట్టనివారు కలరు. ఇట్టివారికి మూత్రము మంటయు, కొందఱికి మూత్రపిండములలో రాళ్లును కలుగుట వింతకాదు. వారికి వర్ణపటము చూపి ప్రయోజనమేమి? శుభ్రమైన, తలుపుగడియ సరిగా పడు మరుగుదొడ్డి కావలెను. అడిగినప్పుడు చిట్లించుకొనక సెలవిచ్చు ఉపాధ్యాయుడు కావలెను. ఆ మీదట త్రాగునీటి కుండ తానే ఖాళీయగును. ఆ యుపాధ్యాయులలో మేమును ఒకరమై, గతమున మొగము చిట్లించుకొన్నవారమే గనుక, ఈ మాట ముందుగా మాకే చెప్పుకొనుచున్నాము.