మీ ఇంటి కంప్యూటర్‌కి ఒళ్ళు కాలుతోందా?

ఎండలు ముదిరే సరికి మనం ముందుగా చూసుకునేది ఫ్రిజ్‌ని. వెనక జాలీకి పట్టిన దుమ్ము దులుపుతాం, గోడకి జానెడు ఎడంగా జరుపుతాం. మిక్సీ వేడెక్కితే కాసేపు ఆపి చల్లారనిస్తాం. హాల్లో మూలనున్న కంప్యూటర్ డబ్బా సంగతి మాత్రం "అది పిల్లలది, మనకెందుకులే" అని వదిలేస్తాం. కంపెనీ బిగించి ఇచ్చినదయితే ఫోను చేస్తే ఎవరో ఒకరు వస్తారు. అదే పిల్లలు విడిభాగాలు కొనుక్కొచ్చి ఇంట్లో కూర్చుని బిగించుకున్నదయితే? దానికి సర్వీసు మనిషి మీరో, మీ పిల్లలో కావలసిందే.

ఇంట్లో బిగించిన కంప్యూటర్లకు తరచు వచ్చే జబ్బు ఒకటుంది. ప్రాసెసర్ వేడెక్కడం. ఇంజనీరింగ్ చదివిన వాళ్ళకే తెలిసే విషయమేం కాదండీ ఇది. కుక్కర్ విజిల్ ఎందుకు రావడం లేదో కనిపెట్టగలిగిన వాళ్ళెవరయినా దీన్నీ కనిపెట్టగలరు.

ప్రాసెసర్ అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న పలక. అసలు పని జరిగే చోటు అందులో బొటనవేలి గోరంత. మామూలు ఇళ్ళలో వాడే వాటికి చాలావరకు 65 వాట్లని రాసి ఉంటుంది. పాతరోజుల్లో 60 వాట్ల బల్బు వెలుగుతుంటే ముట్టుకోగలిగేవాళ్ళమా? ఆ వేడంతా గోరంత జాగాలో పుడుతుందన్నమాట! పెద్దరకం ప్రాసెసర్లు కొన్ని గట్టిగా పనిచేసేటప్పుడు 250 వాట్ల దాకా తీసుకుంటాయి. 1985లో వచ్చిన 386 రకానికి నెత్తిన ఫ్యాను అక్కర్లేకుండానే గడిచిపోయింది. 1993లో పెంటియం వచ్చాక పైన లోహపు రేకుల దిమ్మ, దానిమీద ఫ్యాను లేకుండా జరగడం లేదు. ఆ దిమ్మనే హీట్ సింక్ అంటారు.

వేడి ఎక్కువయితే ప్రాసెసర్ కాలిపోతుందేమోనని కంగారు పడకండి. మిక్సీ అడుగున ఎర్ర బటన్ ఉంటుంది చూడండి, పప్పు మరీ గట్టిగా ఉంటే టక్కున ఆగిపోతుంది. అలాంటి కాపలా ఇందులోనూ ఉంది. 95-100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి చాలా ప్రాసెసర్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అయినా తగ్గకపోతే కంప్యూటర్ ఠక్కున ఆరిపోతుంది. మొదట్లో ఈ ఏర్పాటు అన్నిటికీ ఉండేది కాదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు నడుస్తున్న ప్రాసెసర్ల మీంచి హీట్ సింకులు ఊడదీసి వీడియో తీశారు. ఏఎండీ అథ్లాన్ చూస్తుండగానే పొగలు కక్కి పోయింది. ఇంటెల్ పెంటియం 4 నత్తనడక నడిచి బతికి బయటపడింది. ఇప్పటివన్నీ రెండో రకానికే చెందుతాయి.

అంచేత, కంప్యూటర్ మధ్యలో ఆరిపోతోందంటే "ప్రాసెసర్ పోయింది" అని కాదు, "నన్ను కాపాడండి" అని అది మొర పెట్టుకుంటోందని అర్థం. ఈ తేడా తెలియకే ఇళ్ళల్లో వేలకి వేలు వదిలిపోతున్నాయి.

మా ఇంటి సంగతే చెబుతాను. 2022లో మా మేనల్లుడు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి సామాన్లు తెచ్చి మా అమ్మాయికి కంప్యూటర్ బిగించిపెట్టాడు. నా చీటీ డబ్బులు 42 వేలు దాని మీదే పెట్టాం. 2024 మేలో ఇల్లు మారాం. కొత్తింట్లో పెట్టిన మర్నాటి నుంచీ పది నిముషాలు నడిచి ఆరిపోవడం! అమ్మాయికి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం, ప్రాజెక్టు ఇవ్వడానికి పన్నెండు రోజులే గడువు. దగ్గర్లో ఉన్న మెకానిక్ వచ్చి మూత కూడా విప్పకుండా "ప్రాసెసర్ పోయిందమ్మా, బోర్డు కూడా మార్చాలి, 19 వేలవుతుంది" అన్నాడు. మావారు బ్యాంకు పుస్తకం కోసం చూస్తున్నారు. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు మాత్రం ఒకటే అనుమానం. పాత ఇంట్లో సాయంత్రం దాకా సలక్షణంగా నడిచిన వస్తువు, ఆటోలో మూడు కిలోమీటర్లు రాగానే ఎలా పోతుంది? కదిలిందేదో ఉండాలి కదా!

మేనల్లుడు ఫోన్లో చెబుతుంటే ఆ రాత్రి నేనూ, అమ్మాయీ కలిసి చూశాం. ఆ వరసే మీకూ చెబుతాను.

జ్వరం చూడండి

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే కీబోర్డు మీద డిలీట్ గానీ, ఎఫ్ 2 గానీ వరసగా నొక్కితే బయాస్ అనే తెర వస్తుంది. ప్రాసెసర్ వేడి ఎంతుందో, ఫ్యాను నిముషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో సాధారణంగా అక్కడే ఉంటుంది. ఏ పనీ చెప్పకుండా ఊరికే ఉంచినప్పుడు 35 నుంచి 50 మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మన ఎండల్లో ఇంకో అయిదారు డిగ్రీలు కలుపుకోండి. గది ఎంత వేడెక్కితే ప్రాసెసరూ దాదాపు అంతా వేడెక్కుతుంది. రెంటచింతల మే నెలా, అరకు జనవరీ ఒకటి కావు కదా! మాది రెండు నిముషాల్లో 50 నుంచి 91కి పోయింది. ఊరికే ఉన్నప్పుడే అలా ఎగబాకుతోందంటే, దిమ్మ సరిగా ఆనడం లేదనో, ఫ్యాను తిరగడం లేదనో అనుకోవాలి. పెద్ద పని చెప్పినప్పుడు మాత్రమే మెల్లమెల్లగా పెరుగుతుంటే దుమ్మో, గాలాడకపోవడమో కారణం. పనిలో ఉన్నప్పుడు 80 దాకా వెళితే బెంగపడక్కర్లేదు. కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రాములు పెట్టుకుంటే పని చేస్తూనే ఈ అంకెలు చూసుకోవచ్చు.

ఇంకో చిట్కా. డబ్బా పక్క మూత తీసేసి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి పదినిముషాలు నడపండి (చిన్నపిల్లలుంటే దగ్గరికి రానీయకండి సుమా!). వేడి బాగా తగ్గిందా, డబ్బాలో గాలి ఆడడం లేదన్నమాట. పెద్దగా తగ్గలేదా, తప్పు దిమ్మ దగ్గరే ఉంది. మాకు రెండు డిగ్రీలు తగ్గింది, అంతే.

మూత తీశాక

ముందు ప్లగ్గు పీకెయ్యండి. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. దుమ్ముకి కొత్త పెయింటింగ్ బ్రష్ చాలు. తడిగుడ్డ వద్దు, వాక్యూమ్ క్లీనరూ వద్దు. దానివల్ల పుట్టే స్థిర విద్యుత్తు బోర్డుకి చేటు. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోండి. వంటింటి పక్కనో, పూజ గదికి ఎదురుగానో కంప్యూటర్ ఉంటే తాలింపు జిడ్డూ, అగరొత్తుల పొగా దుమ్ముతో కలిసి రేకుల మధ్య చాపలా పేరుకుంటాయి. దాన్ని ఓపిగ్గా తీయాల్సిందే.

తర్వాత ఫ్యాను వైరు చూడండి. బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే గుచ్చి ఉండాలి.

ఇక అసలు ఘట్టం. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు వచ్చే దిమ్మకి నాలుగు ప్లాస్టిక్ కాళ్ళుంటాయి. ఒక్కొక్కటీ బోర్డు కన్నంలోకి దిగి టిక్కున పడాలి. నాలుగింట్లో ఒకటి లేచినా దిమ్మ ఓ పక్కకి ఒరిగి, కిందకి ఆనదు. సొట్టపడ్డ పెనం స్టవ్వు మీద ఒక పక్కే కాలినట్టు! మా దానికి ఒక కాలు పైకి లేచి ఉంది. ఆటో కుదుపులకి ఊడి ఉంటుంది. వేలితో తాకితే దిమ్మ కదిలింది.

అలాగే నొక్కి ఊరుకుంటే సరిపోదు. కింద పూసిన థర్మల్ పేస్టు అప్పటికే చెదిరిపోయి ఉంటుంది. ఈ పేస్టు ఎందుకంటే, లోహాలు రెండూ కంటికి నున్నగా కనిపించినా మధ్యలో సన్నటి గుంటలుంటాయి, వాటిల్లో గాలి చేరుతుంది. గాలి వేడిని సరిగా దాటనివ్వదు. పేస్టు ఆ గుంటల్ని పూడుస్తుంది. కాళ్ళని బాణం గుర్తు వైపు తిప్పితే ఊడి వస్తాయి. ఏఎండీ పాతరకం, అంటే ఏఎం 4 బోర్డులయితే జాగ్రత్త! ఎండిన పేస్టుకి అతుక్కుని దిమ్మతో పాటు ప్రాసెసరే ఊడొచ్చి, అడుగున ఉన్న సన్నటి సూదులు వంగిపోతాయి. కాసేపు కంప్యూటర్ నడిపి పేస్టు మెత్తబడ్డాక, అన్నీ ఆపి, దిమ్మని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన, నూగు రాలని గుడ్డతో రెండు వైపులా తుడిచెయ్యాలి. కళ్ళజోడు తుడిచే గుడ్డ బాగుంటుంది. చేతుల శానిటైజర్ మాత్రం వాడొద్దు. అందులో తరచు గ్లిసరిన్ కలుస్తుంది, జిడ్డు మిగులుతుంది. ఆరాక కొత్త పేస్టు బఠాణీ గింజంత మధ్యలో పెట్టి, దిమ్మని నిటారుగా దించాలి. ఎక్కువయితే పక్కలకి కారుతుందే తప్ప లాభం లేదు. కొత్త దిమ్మయితే అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర ఉందేమో చూడండి, అది తీయకుండా బిగించిన ఇళ్ళున్నాయి! తలలన్నీ బాణానికి ఎదురుగా తిప్పి ఉంచి, ఒక మూల నొక్కాక ఎదురు మూల నొక్కాలి. నాలుగు టిక్కులూ వినిపించాయా, అప్పుడు బోర్డు వెనక్కి తిప్పి చూడండి. నాలుగు కన్నాల్లోంచీ కొనలు బయటికి వచ్చి ఉండాలి.

ఆ రాత్రి పన్నెండున్నరకి ఆన్ చేస్తే 41. అమ్మాయి ప్రాజెక్టు ప్రోగ్రామంతా నడిపించి చూసింది. 64 దాటలేదు. మాకయిన ఖర్చు పేస్టుకీ ఆల్కహాల్‌కీ కలిపి 500 లోపే. అమ్మాయి మూడు రోజుల ముందే ప్రాజెక్టు ఇచ్చేసింది.

ఇంత చేసినా వేడి తగ్గకపోతే చోటు మార్చి చూడండి. బల్ల కింద అరలో తలుపు వేసి పెడితే వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. ముందు వైపు గాలి లోపలికి, వెనక నుంచి బయటికి పోవాలి, గోడకి అరడుగు దూరం ఉండాలి. నేల మీద పెడితే చీపురు దుమ్మంతా దానికే, చిన్న స్టూలు వెయ్యండి. ముచ్చటపడి అల్లిన లేసు కవరు కంప్యూటర్ ఆపాకే కప్పండి.

అప్పటికీ 90 దిగకపోతే ఫ్యాను మార్చండి, ప్రాసెసర్ అన్నిటికన్నా చివర. నిజంగానే ప్రాసెసర్ పోయిందని తేలినా, పెట్టెతో కొన్న ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు మామూలుగా 3 సంవత్సరాల వారంటీ ఉంటుంది. కాబట్టి ఆ పెట్టె, బిల్లు దీపావళి సర్దుళ్ళలో పాత సామాను వాడికి వేసెయ్యకుండా, గ్యాస్ పుస్తకం పక్కనే దాచండి.