తెనాలా, బాపట్లా, రేపల్లెనా? ఇల్లు తీసుకునే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవాళ్లు, హైదరాబాద్ అద్దెలు భరించలేక సొంత జిల్లాకి వద్దామనుకునేవాళ్లు, అమ్మీ అబ్బాని ఒంటరిగా వదలలేని కొడుకులు ఈ మధ్య ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. మన వైపే ఉండాలి, కానీ ఏ ఊళ్లో? ఎక్కువగా వినిపించే పేర్లు మూడు: తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడూ కృష్ణా డెల్టాలోవే, మూడింటికీ రైలుంది. అయినా ఒక ఊళ్లో కుదిరే బతుకు ఇంకో ఊళ్లో కుదరదు.

ముందు ఒక మాట. సాధారణంగా ఊరిని ఎంచుకునేది సంపాదించే మనిషి. ఆయన పొద్దున వెళ్లి రాత్రికి వస్తాడు, లేదా ఏడాదికోసారి వస్తాడు. ఆ ఊళ్లో రోజంతా ఉండేది భార్య, పిల్లలు, ముసలివాళ్లు. కాబట్టి వాళ్లని అడగకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

తెనాలి: జంక్షన్ ఊరు

మూడింట్లో పెద్దది తెనాలి. 2011 జనాభా లెక్కల్లో సుమారు 1,65,000 మంది. విజయవాడ–చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది. ఇక్కడి నుంచే గుంటూరుకి ఒక లైను, రేపల్లెకి ఒక లైను చీలుతాయి. రైల్లో గుంటూరు 25 కిలోమీటర్లు, విజయవాడ 32 కిలోమీటర్లు. భర్తకి విజయవాడలో ఉద్యోగం, కూతురికి గుంటూరులో కాలేజీ అయితే ఇద్దరూ సీజన్ టికెట్ తీసుకుని ఒకే ఇంటి నుంచి వెళ్లిరావొచ్చు. ఈ సౌకర్యం మిగతా రెండు ఊళ్లకీ లేదు. ఊళ్లో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉంది, పెద్ద వ్యాపారం ఉంది.

లోటు ధరల్లో ఉంది. అద్దె, స్థలం రెండూ ఇక్కడే ఎక్కువ. అమరావతి మాట వచ్చినప్పుడల్లా ఇంకాస్త పెంచి చెబుతారు. ఊరి మధ్య నుంచి మూడు కాలువలు పోతాయి. కాలువ గట్టు పక్క ఇల్లు చూస్తే డ్రైనేజీ ఎటు పోతుందో అడగండి.

బాపట్ల: కలెక్టరేట్, కాలేజీలు, సముద్రం

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రం అయింది. కలెక్టరేట్ వచ్చింది, దాంతో ఆఫీసులు, అద్దెకి ఉండే ఉద్యోగులు వచ్చారు. చదువుల పేరు అంతకుముందు నుంచే ఉంది. వ్యవసాయ కాలేజీ 1945లో మొదలైంది, తర్వాత ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. చీరాల దగ్గరే, సుమారు 15 కిలోమీటర్లు. బట్టల వ్యాపారం చేసేవాళ్లకి ఇది కలిసొస్తుంది. ఇదీ మెయిన్ లైన్ స్టేషనే. కానీ విజయవాడకి తెనాలి దాటి ఇంకో 40 కిలోమీటర్ల పైన అదనం.

సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లే. పిల్లలకి సరదా, కానీ తుఫాను కాలంలో భయం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇల్లు చూసినప్పుడు బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. మున్సిపల్ కుళాయి రోజూ వస్తుందా, ఎంతసేపు వస్తుందా అని పక్కింటి ఆడవాళ్లని అడగండి.

రేపల్లె: తక్కువ ఖర్చు, చివరి స్టేషన్

2011లో రేపల్లె జనాభా సుమారు 51,000. చిన్న ఊరు, తెలిసిన మొహాలు, తక్కువ అద్దె. తెనాలి నుంచి వచ్చే లైను ఇక్కడితో ఆగిపోతుంది. బండి ఇక్కడే బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది, కానీ బండ్లు తక్కువ. పెనుమూడి–పులిగడ్డ వంతెన దాటితే అవనిగడ్డ, మచిలీపట్నం వైపు దారి ఉంది. నిజాంపట్నం హార్బర్, రొయ్యల చెరువులు దగ్గర. ఆ పనిలో ఉన్నవాళ్లకి ఇదే సరైన ఊరు.

ఇప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది. కలెక్టరేట్ పనికి బాపట్ల వెళ్లాలి. రైల్లో అయితే తెనాలి వరకు పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగాలి. అందుకే 216వ నంబర్ జాతీయ రహదారి మీద బస్సో బండో నమ్ముకోవాలి. వరద సంగతి కూడా మర్చిపోవద్దు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు వదిలారు. ఆ నీళ్లన్నీ ఈ వైపు నుంచే సముద్రానికి పోవాలి. కృష్ణ ఒడ్డు లంక ఊళ్లు మునిగాయి. ఏ వీధి చూస్తున్నా, ఆ రోజు ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడగండి.

అద్దె తక్కువైతే లాభమేనా?

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. చిన్న ఊళ్లో అద్దె నెలకి 3,000 తక్కువ అనుకుందాం. అక్కడి నుంచి పనికి వెళ్లడానికి ప్రయాణ ఖర్చు 1,500 ఎక్కువ అనుకుందాం. మిగిలేది నెలకి 1,500, ఏడాదికి 18,000. రోజుకి రెండు గంటలు అదనపు ప్రయాణం అయితే, నెలకి 25 పనిరోజుల చొప్పున ఏడాదికి 600 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 25 రోజులు దారిలోనే. గంటకి 30 రూపాయలకి మన సమయం అమ్ముకున్నట్టు. పిల్లల దగ్గర కూర్చుని చదివించే సమయం కూడా అందులోనే పోయింది. అదే మనిషికి పని ఆ ఊళ్లోనే ఉంటే లెక్క మొత్తం తిరగబడుతుంది, చిన్న ఊరే లాభం.

మనం ప్రత్యేకంగా అడగాల్సినవి

మూడు ఊళ్లలోనూ మసీదులు ఉన్నాయి. చూడాల్సింది ఇంటి నుంచి దూరం. తెల్లవారుజామున ఫజర్‌కి అబ్బా నడిచి వెళ్లగలరా? ఉర్దూ చదువు కావాలంటే స్కూలు పేరు చూసి ఆగకండి, ఉర్దూ టీచర్ పోస్టు నిండి ఉందో ఖాళీగా ఉందో కనుక్కోండి. ఖబరస్తాన్‌లో బయటి నుంచి వచ్చినవాళ్లకి చోటిస్తారా అని మసీదు కమిటీని ముందే అడగండి. అవసరం పడ్డ రోజు అడగడం కష్టం.

అద్దెకి వెళ్తుంటే ఇంకో మాట. పేరు వినగానే ఇల్లు లేదనే ఓనర్లు, మాంసం వండకూడదనే ఓనర్లు ఎక్కడైనా ఉంటారు. అడ్వాన్స్ చేతిలో పెట్టకముందే ఈ సంగతి తేల్చుకోండి.

కొంటుంటే ఈసీ తీయించండి. లేఅవుట్‌కి అనుమతి ఉందో లేదో చూడండి. ఆ సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. వక్ఫ్ భూములు కూడా అందులో ఉంటాయి. తెలిసిన మనిషి అమ్ముతున్నాడని ఈ పని వదిలేయొద్దు. వడ్డీ లోన్ వద్దనుకునేవాళ్లు తొందరపడి అప్పు చేసేకంటే కొన్నాళ్లు అద్దెకి ఉండి పోగేసుకోవడమే మేలు.

చివరికి ఏ ఊరు?

పని, చదువు విజయవాడ–గుంటూరు వైపు అయితే తెనాలి. ఆఫీసు ఉద్యోగం, కాలేజీ పిల్లలు, చీరాల వ్యాపారం అయితే బాపట్ల. రొయ్యలు, చేపలు, పొలం పని, లేదా పుట్టినూరి బంధువులే బలం అయితే రేపల్లె. ఏదైనా సరే, వెంటనే కొనకుండా జూన్ నుంచి డిసెంబర్ దాకా అద్దెకి ఉండి చూడండి. వాన, వరద, తుఫాను ఎక్కువగా ఆ ఏడు నెలల్లోనే వస్తాయి. ఆ తర్వాత ఇంట్లో ఆడవాళ్లు ఇక్కడే ఉందాం అంటే, అప్పుడు స్థలం చూడండి.