వేసవిలో విదేశానికి: మా ఏజెన్సీ వైపు నుంచి చూస్తే

సంక్రాంతి దాటిందంటే ఖమ్మంలో నాకు తెలిసిన కొన్ని ఇళ్లలో రంగురంగుల బ్రోచర్లు తిరుగుతుంటాయి. హైస్కూలు, ఇంటర్ పిల్లల్ని వేసవిలో రెండు మూడు వారాలు విదేశాలకు తీసుకెళ్తారట. పొద్దున నేపాల్‌లో ఒక బడి గోడలకు రంగులెయ్యడం, మర్నాడు కొండలెక్కడం, ఆ తర్వాత నదిలో రబ్బరు పడవల మీద సాహసం, చివరికి ఇన్ని గంటలు సేవ చేశారని సర్టిఫికెట్. ఖర్చు లక్షల్లో ఉంటుంది. "ఏం సార్, మా పాపను పంపమంటారా? రేపు అమెరికాలో సీటుకు పనికొస్తదంట" అని అడుగుతారు.

నేను చర్ల, దుమ్ముగూడెం వైపు ప్రభుత్వ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పంపాలా వద్దా అన్నది వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. నేను మాత్రం ఆ బడి వైపు నుంచి ఆలోచిస్తాను. రంగులు వేయించుకునే బడిలో చాలా ఏళ్లు పనిచేశాను కదా.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవంచున గుడిసెలేసుకున్న గుత్తికోయల గూడేలకు చలికాలంలో బాగానే వస్తారు పట్నం పిల్లలు. దుప్పట్లు, పలకలు, బిస్కెట్లు తెస్తారు. మంచి పిల్లలే, వాళ్ల మనసుల్ని తప్పుపట్టను. ఒకసారి అలా వచ్చిన బృందం ఒక గూడెంలో బడి షెడ్డుకు నీలం రంగేసి, గోడ మీద ఏనుగు బొమ్మ గీసి వెళ్లింది. పక్కనే బోరింగు పాడై ఉంది. దానికి కావలసింది ఒక వాచరు, దాన్ని బిగించడం తెలిసిన మనిషి. ఆ గూడెంలో ఒక కుర్రాడికి ఆ పని నేర్పి, నాలుగు వాచర్లు ఇచ్చిపోయి ఉంటే ఆడవాళ్లకు వాగు దాకా నడక తప్పేది. ఏం కావాలని ఎవరూ అడగలేదు. అడగాలన్నా కోయమాట తెలిసినవాళ్లు బృందంలో లేరు. నేపాల్‌లోనైనా, కెన్యాలోనైనా ఇంతకన్నా వేరుగా ఎందుకుంటుంది?

సేవనూ సాహసాన్నీ కలిపి పిల్లలకు చదువుగా చెప్పాలన్న ఆలోచన పాతదే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1920లో స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరెసోల్, ఫ్రాన్స్‌లో వెర్డున్ దగ్గర నేలమట్టమైన ఊరిని తిరిగి కట్టడానికి వేర్వేరు దేశాల వాలంటీర్లను పోగేశాడు. 1934 బిహార్ భూకంపం తర్వాత ఆయనే మన దేశానికొచ్చి ఊళ్లు కట్టే పనిలో దిగాడు. జర్మనీ నుంచి వెళ్లి బ్రిటన్‌లో స్థిరపడిన కుర్ట్ హాన్ 1941లో వేల్స్ తీరాన ఔట్‌వర్డ్ బౌండ్ మొదలుపెట్టడంలో ముఖ్యుడు. పిల్లల్ని సముద్రం మీదికీ కొండల మీదికీ పంపి, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడటం నేర్పాలన్నది ఆయన పట్టుదల. ముందు పని నేర్చుకో, తర్వాత సాయానికి దిగు అన్నది వీళ్ల పద్ధతి. సెలవుల ప్యాకేజీగా మారాక మొదటి సగం జారిపోయింది.

పని నేర్పి పంపితే ఎలా ఉంటుందో చూడటానికి మా చర్ల చాలు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఈ ప్రాంతపు బిడ్డే. తండ్రి సైకిల్ మెకానిక్. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడప్పుడు. అతనితో పాటు ఎక్కింది నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. ఎవరెస్ట్ ఎక్కిన బాలికల్లో అంత చిన్నది అప్పటికి ఎవరూ లేరు. తెలంగాణ రాష్ట్రం పుట్టడానికి ఇంకా వారం ఉంది. చర్ల అప్పటికి ఖమ్మం జిల్లాలోనే.

ఆ శిఖరం ఫోటో అందరూ చూశారు. దాని వెనక నెలల్ని ఎవరూ పట్టించుకోలేదు. గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ హయాంలో వందమందికి పైగా పిల్లల్ని ఎంచి భువనగిరి గుట్ట మీద తాళ్లతో ఎక్కించారు. శిక్షకుడు శేఖర్‌బాబు, 2007లో తానే ఎవరెస్ట్ ఎక్కినవాడు. నిలిచినవాళ్లను డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. టెన్జింగ్ నార్గే పాఠాలు చెప్పిన చోటది. మంచు మీద నడక, గొడ్డలి పట్టడం, పదిహేడు వేల అడుగుల రెనాక్ శిఖరం అక్కడ. ఆ తర్వాత చలికాలంలో లడఖ్. వడబోసి వడబోసి చివరికి ఇద్దరు మిగిలారు. గోదావరి ఒడ్డున భద్రాచలం సముద్రమట్టానికి యాభై మీటర్ల ఎత్తులో ఉంటుంది. 8,848 మీటర్లకు పోవాలంటే ఊపిరికీ నెత్తురుకూ కొత్త అలవాటు చెయ్యాలి, దానికి దగ్గరదారి లేదు.

నేపాల్ పదహారేళ్లలోపు వాళ్లకు అనుమతి ఇవ్వదు, అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు హిమపాతంలో పదహారుమంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు, ఎక్కువమంది షెర్పాలే. ఆ కబురు తెలిసినా పిల్లలు వెనుదిరగలేదు. అంత చిన్న వయసు వాళ్లను అక్కడికి పంపడం సబబేనా అని అప్పుడే వాదన నడిచింది. నాకూ ఆ గుబులుంది. కానీ ఆ పిల్లల్ని పంపినవాళ్లు నెలలు వెచ్చించారు. బ్రోచరు ఇచ్చేది విమానాశ్రయంలో ఒక టోపీ, ఒక సంచి.

డబ్బులేని ఇళ్ల పిల్లలకూ దారులున్నాయి. అమెరికా ప్రభుత్వం నడిపే కెన్నెడీ-లూగర్ యస్ పథకంలో ఎంపికైన విద్యార్థులు ఒక విద్యా సంవత్సరం అక్కడి కుటుంబంతో ఉండి హైస్కూల్లో చదువుతారు, ఊరి సేవా పనుల్లో పాల్గొంటారు. ఖర్చు ఆ ప్రభుత్వానిదే. మన గురుకులాల పిల్లలూ వెళ్లొచ్చారు. వేసవి శిబిరాలతోనే చిక్కు. ఏప్రిల్, మే అంటే మా వైపు తునికాకు కాలం. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నం యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. అందులో బడి పిల్లల చేతులూ ఉంటాయి. ఆ రోజుల్లో పిల్లాణ్ణి ఉచితంగా శిబిరానికి తీసుకెళ్తామన్నా ఇంటికి నష్టమే. అది పూడ్చకుండా పిలిస్తే వాడు రాడు.

ఇక డబ్బు పెట్టి పంపేవాళ్లకు. అనాథాశ్రమంలో సేవ అని ఉంటే ఆ బ్రోచరు అక్కడే వదిలెయ్యండి. నేపాల్, కంబోడియా ఆశ్రమాల్లో పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఏళ్లుగా చెబుతోంది. చూడవచ్చే అతిథుల డబ్బు కోసం ఆ పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చేవాళ్లున్నారు. వీసా ఏ రకమో చూడండి. థాయ్‌లాండ్‌లో జీతం లేని పనికైనా వర్క్ పర్మిట్ కావాలి. కొండల యాత్రయితే రోజువారీ ఎత్తులు రాయించుకోండి. 2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు రావచ్చు, మూడు వేలు దాటాక పడుకునే చోటు రోజుకు అయిదొందల మీటర్లకు మించి పెరగకూడదు. హెలికాప్టర్‌లో దించాల్సి వస్తే బీమా కడుతుందా అని అడగండి. కెన్యా లాంటి దేశమైతే కనీసం పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించి కార్డు దగ్గరుంచుకోవాలి, లేకుంటే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపుతారు.

ఇవన్నీ పిల్ల క్షేమానికి. ఊరి క్షేమానికి మూడే ప్రశ్నలు: ఈ పని అడిగింది ఎవరు, మీరు లేని నెలల్లో చేసేది ఎవరు, మా పిల్ల కట్టే డబ్బులో ఆ ఊరికి ముట్టేదెంత. నాకు తెలిసిన ఒక తండ్రి వీటన్నిటినీ కంపెనీకి రాసి పంపాడు. బీమా గురించి రెండు పేజీల జవాబొచ్చింది. ఊరి గురించి అడిగినదానికి ఫోటోలొచ్చాయి.