రాళ్ల ఉప్పులో బతికే ప్రాణి

రాచర్ల, గిద్దలూరు వైపు ఆవకాయకు రాళ్ల ఉప్పే వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఉప్పు పండే చోట్లలో చినగంజాం తీరం ఒకటి. సముద్రపు ఉప్పు గల్లును భూతద్దంలో చూస్తే లోపల ఇరుక్కుపోయిన నీటి చుక్కలు కనబడతాయి. వాటిలో సూక్ష్మజీవులు ప్రాణాలతో ఉండగలవు. ఉప్పు మడుల్లో నీళ్లు చిక్కబడ్డాక గులాబీ రంగుకు తిరిగేది చాలావరకు వీటివల్లే.

ఇవి బ్యాక్టీరియా కావు. ఆర్కియా అనే వేరే వంశం. ఆర్కియా వేరే వంశమని 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ ఊస్, జార్జ్ ఫాక్స్ తేల్చారు. రాచర్ల గేదెల పొట్టలో మీథేన్ పుట్టించేవీ ఈ వంశానివే.

ఉప్పు మడిలో నీరు ఇగిరిపోతే ఈ జీవుల కణంలో డీఎన్ఏ తెగుతుంది. డీఎన్ఏలోని రెండు పోగుల్లో ఒకటి తెగితే ఎదుటి పోగును చూసి సరిచేయొచ్చు. రెండూ ఒకేచోట తెగితేనే ప్రమాదం. అప్పుడు ఎంఆర్ఈ11, రాడ్50 అనే ప్రోటీన్ల జంట తెగిన కొసలను పట్టుకుంటుంది. కొసలో ఒక పోగును కొంత దూరం కొరికేస్తే రెండోది ఒంటరిగా మిగులుతుంది. రాడ్ఏ అనే ప్రోటీను దాని చుట్టూ అల్లుకుని, అదే సమాచారం ఉన్న మరో క్రోమోజోమును వెదుకుతుంది. చిరిగిన దస్తావేజును రిజిస్ట్రారు ఆఫీసు నకలు చూసి రాసుకున్నట్టు, పోయిన భాగాన్ని అక్కడినుంచి తిరిగి రాసుకుంటుంది కణం. చివర్లో పెనవేసుకున్న పోగులను హెచ్‌జేసీ అనే ఎంజైము కోసి విడదీస్తుంది.

ఈ మరమ్మతుకు ఒక ఉదాహరణ చూద్దాం. ఇటలీలోని వుల్కానో దీవి దగ్గర దొరికిన పైరోకాకస్ ఫ్యూరియోసస్ 100 డిగ్రీల వేడిలో పెరిగే ఆర్కియా. 2,500 గ్రే (కిరణాల మోతాదు కొలత) గామా కిరణాలకు దాని క్రోమోజోము ముక్కలైంది. తిరిగి వేడిలో ఉంచితే ముక్కలన్నీ అతుక్కున్నాయని 1997లో పరిశోధకులు చూపారు. మనిషికి 5 గ్రేలే ప్రాణాంతకం! అయినా మనకూ దానికీ చుట్టరికం ఉంది. రాడ్ఏ పనినే మనలో చేసే రాడ్51 ప్రోటీను, బ్యాక్టీరియాలోని రెక్ఏకన్నా, ఆర్కియా రాడ్ఏకే దగ్గర. రొమ్ము కేన్సర్ విషయంలో డాక్టర్లు చెప్పే బీఆర్‌సీఏ2 ప్రోటీను ముఖ్యమైన పని ఈ రాడ్51ను తెగిన చోటికి చేర్చడమే. వేడికి చెడని ప్రోటీన్లు కాబట్టి, ఎంఆర్ఈ11, రాడ్50ల ఆకారాన్ని కూడా శాస్త్రవేత్తలు ముందుగా పైరోకాకస్‌లోనే చూడగలిగారు.

ఉప్పు జీవుల్లో మాత్రం కథ అనుకోని మలుపు తిరిగింది. మృత సముద్రపు హేలోఫెరాక్స్ వోల్కానీ అనే ఆర్కియా కణంలో ఒకే క్రోమోజోముకు ఇరవై దాకా నకళ్లుంటాయి. ఇన్ని ఉన్నాక నకలు చూసి రాసుకోవడమే సుళువు అనిపిస్తుంది. 2009లో పరిశోధకుడు థోర్‌స్టెన్ ఆలర్స్ బృందం అందుకు భిన్నమైన సంగతి బయటపెట్టింది. అందులో ఎంఆర్ఈ11, రాడ్50 నకలు చూసి రాసుకునే పద్ధతిని వెనక్కి పట్టి ఉంచుతున్నాయి. వాటిని తీసేసిన కణాలు దెబ్బను ఇంకా బాగా తట్టుకున్నాయి, కానీ మరమ్మతు నెమ్మదించింది. తెగిన ప్రతి కొసా ఇరవై నకళ్లలో చొరబడితే అన్నీ చిక్కుపడతాయి. అందుకే కణం ముందు కొసలను త్వరగా అతికించుకోవాలని చూస్తుందని, నకళ్ల జోలికి ఆ తర్వాతే వెళ్తుందని ఆ బృందం భావించింది.